వెలుగు నాణెమును లెక్కించిన తెలుగువాడు: డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

సూళ్లూరుపేట నుండి శ్రీహరికోటకు పోయే రహదారి పులికాట్ సరస్సును చీల్చుకొని సాగుతుంది. శీతకాలంలో ఆ దారిన వెళ్లేవారికి అటకానితిప్ప దగ్గర ఇరుపక్కలా, మోకాటి లోతు నీటిలో, రాజహంసలు గుంపులు గుంపులుగా తలలు వంచి మేత మేస్తూ కనిపిస్తాయి. చిల్కా తరువాత మన దేశంలో ఇంత పెద్ద ఉప్పునీటి సరస్సు మరొకటి లేదు. సూళ్లూరుపేట, తడ ప్రాంతాలు 2022లో కొత్తగా ఏర్పడిన తిరుపతి జిల్లాలో చేరాయి గాని, తరతరాలుగా దీనిని నెల్లూరు తీరమని పిలుచుకొన్న మన నాలుకలు ఆ మార్పును ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు.

మన విద్యార్థులతో కలిసి అక్కడకు వెళ్లినప్పుడు ప్రథమ సంవత్సరం విద్యార్థిని ఒకతె, ఆ పక్షులకు ఆ గులాబి వన్నె ఎక్కడిదని నన్ను అడిగింది. నేను తెలుగు బోధించేవాణ్ణి. హంస నడకను, హంస రాయబారాన్ని గురించి మన కవులు చెప్పినది వివరించగలను గాని ఆ ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేకపోయింది. వెంట వచ్చిన వృక్షశాస్త్రోపన్యాసకులు ఆదుకొన్నారు. ఆ రంగు పక్షి స్వార్జితం కాదట. నీటిలోని నాచులో పుట్టిన వర్ణద్రవ్యం, ఆ నాచును తిన్న సూక్ష్మజీవుల ద్వారా, చిన్న చిన్న రొయ్యజాతి పురుగుల ద్వారా పక్షి ఈకలకు చేరుతుందట. రంగు నడిచిన దారినే శక్తి కూడ నడుస్తుందని ఆయన చెప్పిన తరువాత గంటసేపు అక్కడే నిలబడిపోయాము.

ఆయన చెప్పిన దాని సారాంశం ఇది. సూర్యరశ్మి నీటిమీద పడుతుంది. నాచులోని పత్రహరితం ఆ రశ్మిని పట్టుకొని, నీటిలో కరిగిన బొగ్గుపులుసు వాయువు నుండి కర్బనాన్ని గ్రహించి చక్కెరగా మలుస్తుంది. నాచును పురుగు, పురుగును చేప, చేపను గూడబాతు, అదే చేపను మన జాలరి తింటారు. శ్వాసతో ఆ కర్బనం మళ్లీ గాలిలో కలుస్తుంది. కొంత రెట్టగా, కళేబరాలుగా అడుగు బురదలో చేరుతుంది. మడచెట్ల వేళ్ల మధ్య పేరుకొన్న బురదలోనైతే ఎంతోకాలం దాగి ఉంటుంది. అనగా కర్బనం తిరుగుబాటు సరుకు. శక్తి అట్లా కాదు. అది ఒకే దిశలో ప్రవహించి, మెట్టు మెట్టుకు వేడిగా మారి జారిపోతుంది. ఒక మెట్టు నుండి పై మెట్టుకు చేరేది స్థూలంగా పదవ వంతేనని లెక్క. అమెరికాలోని మిన్నెసోటాలో ఒక చిన్న సరస్సును అయిదేళ్లు పరిశీలించి రేమండ్ లిండెమన్ అనే యువకుడు ఈ విధమైన లెక్కకు బాట వేశాడు. ఆయన వ్యాసం 1942లో అచ్చయ్యేనాటికి ఆయన జీవించి లేడు. మరణించేనాటికి వయస్సు ఇరవైయారే.

ఇక్కడ నాకొక సందేహం కలిగింది. నాచుకణం ఎక్కడ, గూడబాతు రెక్క ఎక్కడ? ఈ రెండింటిలోను శక్తి ఖర్చయ్యే తీరు ఒకటేనా? ఒకటేనన్నారు ఆ మిత్రులు. నాచు చక్కెరను అల్లినా, చేప తోక ఆడించినా, పక్షి రెక్క విప్పినా, జాలరి తెడ్డు వేసినా, ఈ వ్యాసం చదువుతూ మీరు కనురెప్ప వాల్చినా, అప్పటికప్పుడు చెల్లించవలసిన నాణెం ఒక్కటే ఉన్నది. దాని పేరు అడినోసిన్ ట్రైఫాస్ఫేట్, క్లుప్తంగా ఎ.టి.పి. చేప పురుగును తిన్నప్పుడు దాని నాణేలను దోచుకోదు. సరుకును మాత్రమే దోచుకొని, తన కణాలలోని టంకశాలలో తన నాణేలను తానే ముద్రించుకొంటుంది. మన ఉర్దూ శాఖ మిత్రులు దీనిని తవానాయీ కా సిక్కా అనవచ్చునన్నారు. ఆ మాట నాకు నచ్చింది.

ఈ నాణెమును జీవుల కండరాలలో కనుగొన్నవారిలో ఒకరు మన తెలుగువారు. ఎ.టి.పి. అనే మూడక్షరాలను పరీక్షలలో ఏటేటా వ్రాసే మన విద్యార్థులలో ఎక్కువమందికి ఆయన పేరు తెలియకపోవడం ఆ రోజు బస్సులోనే బయటపడింది. అందుచేతనే ఈ నాలుగు మాటలు.

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథంగారు చిన్న ప్రభుత్వోద్యోగి, తల్లి వెంకమ్మగారు. ఏడుగురు సంతానంలో ఈయన నాల్గవవారు. ఇంట్లో లేమి. చదువుపై మొదట పెద్దగా మనసు నిలువలేదు. పదమూడవ యేట ఇల్లు విడిచి, కాశీ యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనికుణ్ణి కావాలని బయలుదేరిన బాలుణ్ణి తల్లి పట్టి తెప్పించింది. రాజమండ్రిలో చదివిన కాలంలోను, ఆ తరువాతను మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండుమార్లు తప్పారు. మూడవమారు మద్రాసు హిందూ ఉన్నత పాఠశాల నుండి గట్టెక్కారు. రెండుమార్లు తప్పిన సంగతిని ఆయన జీవితచరిత్రలలో కొందరు మెల్లగా దాటవేస్తారు. దాచవలసిన అవసరం నాకు కనిపించదు.

ప్రెసిడెన్సీ కళాశాలలో చేరిన తరువాత ఆయన మనస్సు రామకృష్ణ మఠం వైపు మొగ్గింది. సన్యసించవలెనన్నారు, తల్లి సమ్మతించలేదు. వైద్యం నేర్చినా సేవయే కదా అన్న ఆలోచనతో మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. మిత్రుల సహాయం, తరువాత మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తిగారి ఆదరణ ఆ చదువును నిలబెట్టాయి. 1919లో వారి కుమార్తె శేషగిరిగారితో వివాహం జరిగింది.

అవి గాంధీ మహాత్ముని పిలుపు దేశమంతటా మారుమ్రోగుతున్న రోజులు. సుబ్బారావుగారు ఖద్దరు వస్త్రంతో శస్త్రచికిత్సా తరగతికి వెళ్లారు. ఆంగ్లేయుడైన ఆచార్యునికి అది గిట్టలేదు. పర్యవసానంగా, మిగిలిన విషయాలలో బాగుగా వ్రాసినా ఎం.బి.బి.ఎస్. పట్టా దక్కక ఎల్.ఎం.ఎస్. అనే తక్కువ అర్హతతో సరిపెట్టుకోవలసి వచ్చింది. ఈ ఒక్క అక్షరభేదం తరువాత సముద్రం దాటి కూడ ఆయనను వెంటాడింది.

ఆ కాలంలోనే ఆ ఇంట్లో పిడుగు పడింది. అన్నగారు పురుషోత్తంగారు స్ప్రూ అనే వ్యాధితో మరణించారు. తిన్న ఆహారం ఒంటబట్టక, రక్తం క్షీణించి మనిషి చిక్కి శల్యమయ్యే జబ్బు అది. రోజుల వ్యవధిలోనే మరొక సోదరుడు కృష్ణమూర్తిగారు కూడ పోయారు. వైద్యుడై యుండియు ఏమీ చేయలేకపోయిన ఆ దుఃఖం ఆయనను ఔషధ పరిశోధన వైపు తిప్పిందని చెబుతారు. కొంతకాలం ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణశాస్త్రం బోధించారు. పిమ్మట కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ చేసిన సాయంతోను, మామగారి తోడ్పాటుతోను అమెరికాకు ఓడ ఎక్కారు. గర్భవతియైన భార్యను పుట్టింట విడిచి వెళ్లారు. ఆ దంపతులు మళ్లీ కలుసుకోలేదు.

బోస్టను నగరంలో హార్వర్డు విశ్వవిద్యాలయపు ఉష్ణమండల వైద్య విద్యాలయంలో చేరారు గాని, ఎల్.ఎం.ఎస్. చూచి ఆస్పత్రిలో వైద్యునిగా ఎవరు తీసుకొంటారు? పగలు చదువు, రాత్రులు ఒక ఆస్పత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రం చేసే కొలువు. మన ఇళ్లలో చదువుకొన్న పిల్లలు ఏ పనిని చూచి ముక్కు మూసుకొంటారో, ఆ పనితోనే ఆయన పొట్ట పోసుకొన్నారు. డిప్లొమా వచ్చిన తరువాత హార్వర్డు వైద్య కళాశాలలోని జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్కే అనే ఆచార్యుని దగ్గర చేరారు. ఫిస్కే చెప్పిన పని వినడానికి చిన్నదే: రక్తంలోను, మూత్రంలోను భాస్వరం ఎంత ఉన్నదో కొలిచే సులభమైన పద్ధతి కావాలి.

ఈ ఘట్టాన్ని కొంచెం నిదానంగా చెప్పవలసి ఉన్నది. భాస్వరం కలిసిన ద్రవంలో అమోనియం మాలిబ్డేట్ అనే లవణాన్ని ఆమ్లంతో కలిపి, దానికి తగిన క్షయకరణ ద్రవ్యాన్ని చేర్చితే నీలిరంగు వస్తుంది. భాస్వరం ఎంత ఎక్కువైతే నీలం అంత చిక్కన. ఆ క్షయకరణ ద్రవ్యం ఏదైతే రంగు త్వరగా, నిలకడగా వస్తుందో వెదకి పట్టుకొని, 1925లో ఫిస్కే, సుబ్బారావులు తమ పద్ధతిని ప్రకటించారు. శతాబ్దం దాటినా జీవరసాయన ప్రయోగశాలలలో ఆ పద్ధతికి ఆ రెండు పేర్లే నిలిచి ఉన్నాయి.

తరువాత వారు ఆ నీలాన్ని తీసికొని కండరం దగ్గరకు వెళ్లారు. కండరపు సారంలో భాస్వరం కొలువబోతే ఒక వింత కనిపించింది. రంగు వెంటనే రాలేదు. మెల్లమెల్లగా, నిమిషాలు గడిచిన కొద్దీ చిక్కబడుతూ వచ్చింది. మరొకరైతే ద్రావణం పాడైనదని పారబోసి ఉండేవారు. సుబ్బారావుగారు పారబోయలేదు. రంగు ఆలస్యంగా వస్తున్నదంటే భాస్వరం కూడ ఆలస్యంగా విడుదల అవుతున్నదన్నమాట. ఏదో పదార్థానికి అంటుకొని ఉండి, పరీక్షలోని ఆమ్లం తగిలి ఊడి వస్తున్నదన్నమాట. ఆ పదార్థమే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో ఈ సంగతి వెల్లడించారు. ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులు కూడ అదే సంవత్సరంలో దాని జాడ పట్టారు. కండరం పని చేసినప్పుడు ఈ పదార్థం తరిగిపోతుంది. విశ్రమించినప్పుడు మళ్లీ కూడుతుంది. అంతవరకు కండర సంకోచానికి మూలం లాక్టికామ్లమేనని, ఆ రంగంలో నోబెల్ బహుమానం కూడ వచ్చి ఉన్నదని శాస్త్రలోకం నిశ్చింతగా ఉన్నది. ఆ నిశ్చింతకు ఈ నీలిరంగు తొలి బీట వేసింది.

అక్కడితో ఆగక కండరంలో మిగిలిన భాస్వరపు లెక్క తేల్చసాగారు. లెక్కలో తేలని శేషం ఉంటే నిద్రపట్టని మనుషులు కొందరుంటారు. ఈయన ఆ కోవలోనివారు. 1929లో ఆ శేషం ఎ.టి.పి.గా తేలింది. మూడు భాస్వరపు ముడులు వరుసగా కట్టిన అణువు. అదే సంవత్సరం, కొన్ని నెలల తేడాలో, జర్మనీలో కార్ల్ లోమన్ కూడ స్వతంత్రంగా దానిని కనుగొన్నాడు. గ్రంథాలు చాలవరకు లోమన్ పేరు ముందు చెప్పి, రెండవ జతగా ఫిస్కే పేరు, ఆ తరువాత మన వారి పేరు చెబుతాయి. కొన్ని ఆ మూడవ పేరు దగ్గరకు రాకుండానే వాక్యం ముగిస్తాయి.

కనుగొన్నప్పుడు అది శక్తి నాణెమని ఎవరికీ పూర్తిగా తెలియదు. పన్నెండేళ్ల తరువాత, 1941లో ఫ్రిట్జ్ లిప్మన్ అనే శాస్త్రజ్ఞుడు ఆ భాస్వరపు ముడులలోనే జీవుల శక్తివ్యాపారమంతా ఇమిడి ఉన్నదని వివరించాడు. చివరి ముడి విడిపోతే శక్తి చేతికి వస్తుంది. ఆహారాన్ని దహించిన శక్తితో ముడి మళ్లీ పడుతుంది. మన శరీరంలో ఏ క్షణంలోనైనా ఉండే ఎ.టి.పి. చాలా కొద్ది. అయినా అదే చిల్లర తిరిగి తిరిగి చేతులు మారడం వల్ల, ఒక దినంలో మనిషి ఖర్చు చేసే ఎ.టి.పి. మొత్తం అతని బరువుకు దాదాపు సమానమవుతుంది. 1954లో డేనియల్ ఆర్నన్ మొక్కల హరితరేణువులు వెలుతురు సహాయంతో నేరుగా ఎ.టి.పి.ని తయారు చేయగలవని చూపాడు. ఒక్కొక్క బొగ్గుపులుసు వాయువు అణువును చక్కెరలో చేర్చడానికి మొక్క మూడేసి ఎ.టి.పి.లు చెల్లిస్తుందని కూడ తేలింది. పులికాట్ నాచుమీద పడిన ఎండ మొదట మారేది ఈ నాణెంగానే. ఆ నాణెం చెల్లించనిదే గాలిలోని కర్బనం జీవి శరీరంలోకి అడుగు పెట్టదు. బోస్టనులో కండరపు సారంలో దొరికినది సరస్సు అంతటికీ వర్తించడం వెనుక ఉన్న సంగతి ఇదే. సుబ్బారావుగారు ఆర్నన్ ప్రయోగాన్ని చూడలేదు. అప్పటికి ఆయన పోయి ఆరేళ్లయింది.

1930లో హార్వర్డు ఆయనకు పిహెచ్.డి. ఇచ్చింది. స్థిరమైన పదవి మాత్రం ఇవ్వలేదు. పదేళ్లు వేచి, 1940లో న్యూయార్కు రాష్ట్రంలోని పెర్ల్ రివర్ వద్ద లెడర్లే ఔషధ ప్రయోగశాలలో చేరారు. అనతికాలంలోనే అక్కడి పరిశోధనలకు సంచాలకులయ్యారు. విశ్వవిద్యాలయం వద్దనుకొన్న మనిషి చేతి మీదుగా ఆ తరువాతి ఎనిమిదేళ్లలో ఏమేమి వెలువడ్డాయో క్లుప్తంగా చెబుతాను. 1945లో ఫోలికామ్లాన్ని ఆయన బృందం కృత్రిమంగా తయారు చేసింది. అన్నగారిని బలిగొన్న స్ప్రూ వ్యాధికి అది ఔషధమైంది. అదే ఆమ్లానికి విరోధులైన మందులను తయారు చేసి ఇవ్వగా, బోస్టనులో సిడ్నీ ఫార్బర్ పిల్లల రక్తపు క్యాన్సరును తాత్కాలికంగానైనా వెనుకకు నెట్టగలిగాడు. మెథోట్రెక్సేట్ ఆ వంశంలోనిదే. బెంజమిన్ డగ్గర్ మట్టిలో కనుగొన్న ఆరియోమైసిన్ ఆయన నిర్వహణలోనే 1948లో లోకానికి అందింది.

వీటిలో మన తీరవాసులకు దగ్గర చుట్టం మరొకటి ఉన్నది. అది 1947లో వెలువడిన హెట్రజాన్, అనగా డై ఇథైల్ కార్బమజీన్. బోదకాలుకు మందు. తీరాంధ్రలో బోదకాలు చూడని ఊరు నా చిన్ననాట అరుదు. తరువాతి కాలంలో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి, ఎదురుగా నిలబెట్టి మింగించిన మాత్రలలో ఉన్నది ఈ మందే. మింగినవారికీ, మింగించినవారికీ అది భీమవరపు మనిషి పంపినదని తెలిసి ఉండదు.

1948 ఆగస్టు 9న ఆయన నిద్రలోనే మరణించి ఉండగా కనుగొన్నారు. వయస్సు యాభైమూడు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి ఏడాది నిండలేదు. ఖద్దరు కట్టినందుకు పట్టా పోగొట్టుకొన్న మనిషి స్వతంత్ర దేశపు నేలపై అడుగు పెట్టలేదు. అమెరికాలోని మిత్రులు 1953లో ఒక శిలీంధ్రానికి సుబ్బారోమైసిస్ అని పేరు పెట్టారు. మన ప్రభుత్వం ఆయన శతజయంతి సంవత్సరమైన 1995లో తపాలా బిళ్ల వెలువరించింది.

ఆయనకు రావలసిన కీర్తిని ఇతరులు అడ్డుకొన్నారని వ్రాసేవారున్నారు. అందులో కొంత నిజం ఉన్నది; తన పేరును ముందుకు త్రోసుకొనే స్వభావం ఆయనకు లేకపోవడం కూడ అంతే నిజం. అయితే ఇతరుల సంగతి అలా ఉండగా, మన వంతు మనం ఏమి చేశామన్నది నన్ను ఎక్కువ బాధించే ప్రశ్న. తెలుగు వాచకాలలో ఎందరెందరినో చదివించాను. ఈయనను గురించి తరగతిలో ఒక్క మాట చెప్పిన జ్ఞాపకం నాకు లేదు.

యాత్ర నుండి తిరిగి వచ్చే దారిలో నేలపట్టు పక్షుల ఆశ్రయంలో ఆగాము. అక్కడ చెరువు నీటిలో నిలిచిన చెట్లమీద గూడబాతులు గూళ్లు కట్టుకొంటాయి. వాటి రెట్ట పడిన నీరు పొలాలకు ఎరువుతో సమానమని ఆ ఊరి రైతులు చెబుతారు. సరస్సులో చేప తిన్న పక్షి, చెరువులో భాస్వరం రాల్చి, వరిపైరును మేపుతున్నదన్నమాట. విద్యార్థులు ఆ నీటిని ఒక సీసాలో పట్టి తెచ్చారు. మరునాడు రసాయనశాస్త్ర ప్రయోగశాలలో మన సహోపన్యాసకులు దానిని వడగట్టి, మాలిబ్డేట్ ద్రావణం కలిపి, ఫిస్కే, సుబ్బారావులు ఎన్నుకొన్న ఆ క్షయకరణ ద్రవ్యాన్నే చేర్చారు. అందరం పరీక్షనాళిక చుట్టూ మూగాము. కొద్ది నిమిషాలకు లేత నీలం తేలింది.

సరస్సు దగ్గర నన్ను ప్రశ్న అడిగిన విద్యార్థిని కూడ అక్కడ ఉన్నది. రికార్డు పుస్తకంలో పద్ధతి పేరు వ్రాయవలసిన చోట ఆమె రెండవ పేరును ఇంటిపేరుతో సహా పూర్తిగా వ్రాసి, పక్కన భీమవరం అని చేర్చింది.